ఒక కన్ను మూసి గోడ చూసే ఆయన

అమలాపురంలో ఇళ్ల ప్లాన్లు కంప్యూటర్‌లో గీసే ఆయన ఒకరుండేవారు. ఏ గోడ కనిపించినా ఒక కన్ను మూసి, చెంప దాదాపు ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు చూసేవారు. మా ఆయన పోయిన మరుసటేడు పెంకులు తీయించి శ్లాబు వేయిద్దామని ఈ ప్లాన్లాయన్ని పిలిపించాను.

మా పడమటి గోడ మధ్యలో లోపలికి వంగి ఉంటుంది. అక్కడ కాపుకొచ్చిన కొబ్బరిచెట్టు ఉండేది. దాన్ని కొట్టడానికి చేతులు రాక మా ఆయన గోడనే వంచి కట్టారు. చెట్టు తుఫానుకు పోయింది, వంపు మిగిలింది.

"చెట్టే లేదు కదమ్మా, పడగొట్టి తిన్నగా లేపేద్దాం," అన్నాడు తాపీమేస్త్రి. నేను ఒప్పుకోలేదు.

ప్లాన్లాయన టేపుతో కొలుచుకుని వెళ్లి, తన కొట్లో నా ఎదుటే గీశారు. రెండు చివరలూ కలపగానే కంప్యూటర్‌లో గోడ తిన్నగా లేచి నిలబడింది.

"ఇది మా గోడ కాదండి."

"ఆయ్, కాదండి. దీనికి తిన్నగా కట్టడమే వచ్చండి. వంకర మనం చెప్పాలి."

వంపు పొడుగునా చుక్కలు పెట్టి, ముక్కముక్కగా గోడ లేపారు. మళ్లీ ఒక కన్ను మూసి కంప్యూటర్ అద్దంలోకి చూశారు. నాకు నవ్వొచ్చింది, ఆయనకు రాలేదు.

"మేస్త్రికిది చూపించండమ్మా, గోడ ముట్టుకోడు. కాకపోతే మంచం దానికి సమంగా ఆనదండి మరి."

"మంచం ఆనకపోతే పోనీండి. నేను ఆనుకుంటాను."

ఆయన ప్రింటు తీశారు.