అయిదు గళ్ళలో తవిటయ్యలు

పీయూసీ చదివే రోజుల్లో నాకు తలబిరుసు ఎక్కువ. చీపురుపల్లిలో రోజూ పాసింజరెక్కి విజయనగరం కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలం ముగ్గురమే. ఆ గొప్ప నెత్తికెక్కి కూర్చుంది.

శుక్రవారం స్టేషన్లో వారపత్రిక కొనుక్కొచ్చేదాన్ని. సాయంత్రం వసారాలో నులకమంచం మీద నేనూ మా వదినా పజిల్ గళ్ళు నింపేవాళ్ళం. వదిన అయిదో తరగతితోనే బడి మానేసింది. అయినా పంటలూ, చుట్టరికాలూ, మనుషుల పేర్లూ వచ్చాయంటే నాకన్నా ముందు ఆవిడే చెప్పేది. ఆ పజిల్ కట్టేవాడికి పేర్ల పిచ్చి. పేరు చివర ఒక 'లు' తగిలించి గళ్ళలోకి తోసేవాడు. రథసప్తమి నాడు పుట్టిన మగపిల్లలు అంటే సూర్యనారాయణలు. వదిన ఠక్కున చెప్పేసి, పెన్సిల్ నా చేతికిచ్చి నవ్వేది.

అప్పటికి వదినకి ఇద్దరు కొడుకులు పోయారు. ఒకడు పురుడు వెళ్ళకుండానే, ఇంకొకడు మూడో నెలలో. మళ్ళీ ఇప్పుడు తొమ్మిదో నెల. ఈసారైనా దక్కుతాడా అన్నదే మా ఇంట్లో అందరి దిగులూ, పైకి మాత్రం ఎవరూ అనేవాళ్ళు కాదు. మా అమ్మ ఒక్కతే తెగించి అనేది, పుట్టగానే తవుడికి కొనుక్కుందామని. అంటే బిడ్డని చేటలో పడుకోబెట్టి పొరుగావిడకి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కోవడం. తవుడుపాటి విలువ చెయ్యని బిడ్డని మృత్యువు కూడా పట్టించుకోదని నమ్మకం. అలా కొన్నవాడికి తవిటయ్య అనే పేరే పెట్టాలి. వదిన అవుననలేదు, కాదనలేదు.

ఒక శుక్రవారం పజిల్‌లో అడ్డం ఆధారం నేనే చదివాను. పోయినవాళ్ళ తర్వాత పుట్టి, తవుడికి కొన్నవాళ్ళు. అయిదు గళ్ళు. వదిన చెప్పలేదు. గళ్ళ వంకే చూస్తూ కూర్చుంది. తవిటయ్యలు అని నేనే రాశాను.

కాసేపటికి మెల్లిగా అడిగింది. "మనం కూడా అలాగ సేద్దామేటమ్మీ?"

నేను పకపకా నవ్వాను. చదువుకున్నవాళ్ళు ఇలాంటివి పజిళ్ళలో పెట్టుకుని నవ్వుకుంటున్నారు, నువ్వు నిజంగా చేస్తానంటావా అన్నాను. తవిటయ్యని బళ్ళో వేస్తే మేష్టారు కూడా నవ్వుతాడన్నాను. వదిన మొహం ఎర్రబడింది. ఆ రాత్రి అన్నం దగ్గర, తవుడూ గివుడూ వద్దు అత్తా అని మా అమ్మతో చెప్పేసింది. నేను గెలిచాననుకున్నాను.

కొడుకు పుట్టాడు. బారసాలకి మంచి పేరు వెతకమని వదిన నాకే చెప్పింది. నోటుపుస్తకంలో పదిహేను పేర్లు రాశాను. తొమ్మిదో రోజు పొద్దున్న పిల్లాడికి ఒళ్ళు కాలిపోయింది. మా అన్న డాక్టరు కోసం సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాడు. ఆయన వచ్చేసరికి అమ్మ బిడ్డ మీద గుడ్డ కప్పేసింది. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాతి వారాల్లో ఏదో సంచికలో ఆ పజిల్ జవాబులు పడ్డాయి. చూపించకూడదనే అనుకున్నాను. వదినే అడిగి తీసుకుంది. అడ్డం వరస మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"మన ఈదిలో తవిటయ్యలు ఎంతమందున్నారమ్మీ?"

నలుగురన్నాను.

"నలుగురూ బతికే ఉన్నారు కదా."

నన్ను దెప్పడానికి కాదు. నిజంగానే అడిగింది. పుస్తకం మడిచి నా ఒళ్ళో పెట్టి, పాలు పిండాలని లేచి వెళ్ళింది. ఆ తర్వాత ఆవిడ నాతో పజిల్ ముందు కూర్చోలేదు.

తవుడు ప్రాణం నిలపదని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. కానీ ఆ సాయంత్రం నేను నవ్వకుండా ఉండాల్సింది.