పై నట్టు

నాలుగేండ్ల కిందటి ముచ్చట. "మెకానిక్ ఎందుకు, గేర్ ఆయిల్ నేనే మారుస్త" అని ఉప్పుగూడల మా గల్లీ అంతా గొప్పలు చెప్పుకొని, నా పాత పికప్ బండి కిందికి దూరిన. వెనక చక్రాలను తిప్పే గేర్ల డబ్బా, డిఫరెన్షియల్ కింది నట్టు ఇప్పి పాత ఆయిలంత కార్చేసిన. కొత్తది పోసే పై నట్టేమో తుప్పు పట్టి కదలనే లేదు.

గప్పుడే పక్కింటి సలీం భాయ్ ఉరికొచ్చిండు. "అన్నా, అబ్బాకు ఛాతీల నొప్పి లేసింది! బండి తియ్యి!"

ఆయిల్ లేదని చెప్పనీకె నామోషి అయింది. దవాఖాన దగ్గర్నే కదా అని తీసిన. సగం తొవ్వల వెనక చక్రాలు పట్టేసినయి. ఆటో దొరికేసరికి పెద్దాయన పానం పోయింది.

"నీ తప్పేముంది అన్నా, బండి పాతది" అని సలీం భాయే నన్ను ఓదార్చిండు.

అప్పటి సంది పై నట్టు కదిలినంకనే కింది నట్టు ముట్టుకుంట. సలీం భాయ్‌కు మాత్రం అసలు సంగతి ఇప్పటిదాంక చెప్పలే.