బర్రె కింది బండ

ఆ రోజుల్లో ఉదయం ఐదు గంటల యాభై నిమిషాలకు తాండూరు స్టేషన్‌లో రైలెక్కితే, రైలు మాట మీద నిలబడిన పక్షంలో, ఏడూ నలభై ఐదుకు నగర శివారులో దిగవచ్చు. అక్కడి నుంచి విశ్వవిద్యాలయం గేటు ఆరు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. షేర్ ఆటోలో మనిషికి ఇరవై రూపాయలు. మా గడప నుంచి ఆ గేటు వరకు మొత్తం నూట మూడు కిలోమీటర్లు. ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, కొలిచిన ప్రతిదీ నా చేతికి చిక్కినట్టేనన్న గట్టి నమ్మకం పద్దెనిమిదేళ్ళ వయసులో నాకుండేది. కొలవడం వేరు, చిక్కడం వేరు అని నాకు తెలియజెప్పింది ఏ ఆచార్యుడూ కాదు, పది కిలోల నాపబండ. (మా తాండూరులో బండి తప్పిపోవచ్చును గాని బండ తప్పదు.)

రాష్ట్ర ప్రవేశ పరీక్ష నాడు నాకు ఆటలమ్మ పోసింది. ఒంటినిండా వేపాకు మండలతో మంచం మీద పడుకొని నేను పొక్కులు లెక్కపెట్టుకుంటూ ఉండగా, నా ఈడు వాళ్ళంతా వెళ్ళి పరీక్ష రాసివచ్చారు. ఆ తరువాత మిగిలింది ఆ శివారు విశ్వవిద్యాలయం ఒక్కటే. అది ప్రైవేటుది, తన పరీక్ష తానే పెట్టుకుంటుంది, సీటు తానే ఇస్తుంది. నాకు సివిల్ ఇంజనీరింగ్‌లో సీటు వచ్చింది. అయితే అక్కడ ఏడాది ఫీజు రెండు లక్షల ఎనభై వేలు. ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయం అలాంటి చోట్లకు వర్తించదు. మా బాపు బండలు కోసే యూనిట్‌లో మిషన్ మీద పనిచేసేవాడు. రోజుకు ఐదు వందల అరవై చొప్పున, నెలకు ఇరవై ఐదు రోజులు పని దొరికితే, ఏడాదికి లక్షా అరవై ఎనిమిది వేలు. అందులో మేము తినాలి, తమ్ముడి బడి గడవాలి. విశ్వవిద్యాలయం వారే ఇచ్చే ఆర్థిక సాయం కింద డెబ్భై ఐదు శాతం మాఫీ అయితే చదువు, కాకపోతే లేదు. యూనిట్ యజమాని అప్పటికే ఆఫీసులో ఒక ప్లాస్టిక్ కుర్చీ చూపించి, "బిల్లులు రాయనీకి మంచి రాత గల్ల పిల్ల గావాలె, ఎప్పుడొస్తవ్ బిడ్డా?" అని అడుగుతుండేవాడు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

సాయం కోసం కాగితాలన్నీ ఇచ్చాక, ఇంటి ఫోటోలు ఐదు పంపమన్నారు: ముందు భాగం, హాలు, వంటగది, స్నానాల గది, పెరడు. అన్నీ 'సహజ స్థితిలో' ఉండాలని షరతు. ఇక్కడే మా మేనత్త రంగప్రవేశం చేసింది. బాపుకు అక్క, మా ఇంట్లోనే ఉండేది. వీధిలో ఎవరి తగవునైనా తన తగవుగా భావించి వాదించే స్వభావం వల్ల అందరూ ఆమెను వకీలత్త అనేవారు.

"సహజ స్థితి అంటె ఏంది బిడ్డా?" అని అడిగింది.

"ఎట్లున్నదో అట్లనే అని, అత్తా."

"ఎట్లున్నదో అట్లనే సూపిస్తె నవ్వరా? నువ్వు ఫోటో దిగేటప్పుడు మొకం గడుక్కోవా? మరి ఇంటికి మొకం లేదా?"

అత్త తెల్లవారకముందే లేచి ఇటుకపొడితో ఇల్లంతా తోమి, కడిగి, ఆరబెట్టి, కొబ్బరినూనె ముంచిన గుడ్డతో నేల, గోడలు, వంటగట్టు, చివరికి స్నానాల గది కూడా తుడిచింది. నూనె పట్టిన నాపబండ ఎలా ఉంటుందో చూసినవారికే తెలుస్తుంది. అందులో మనిషి ముఖం, వెనుక కిటికీ, కిటికీలోని కాకి వేరువేరుగా కనిపిస్తాయి. మిగిలిన నూనెను పెరట్లోని బర్రె కొమ్ములకు రాసింది. ఐదో ఫోటోలో బర్రె నిగనిగలాడే నీలిబండ మీద నిలబడి, నాలుగు కాళ్ళ నీడలు కింద పడేట్టు, పెండ్లికి వచ్చిన పెద్దమనిషి వలె కెమెరా వైపు చూసింది. (ఫోటోగ్రఫీ పరంగా అది నా జీవితంలో నేను తీసిన ఉత్తమ చిత్రమని ఈనాటికీ నా అభిప్రాయం.)

పదకొండో రోజున ఇంగ్లీషులో జవాబు వచ్చింది. దాని సారాంశం: దరఖాస్తుదారు నివాసం ఆసాంతం మెరుగుపెట్టిన సహజ శిలాఫలకాలతో నిర్మితమై ఉన్నది; పశువుల కొట్టంలో సైతం అదే అలంకరణ కనిపిస్తున్నది; కావున కుటుంబ స్థితిని సంతృప్తికరమైనదిగా పరిగణించి ఇరవై ఐదు శాతం మాఫీ మంజూరు చేయడమైనది. తొమ్మిది రోజుల్లోగా మొదటి వాయిదా కట్టనిచో సీటు రద్దు. అభ్యంతరం ఉన్నవారు స్వయంగా వచ్చి పది నిమిషాల పాటు విన్నవించుకోవచ్చును.

నేను అనువదించి చదివి వినిపించగానే అత్త నడుం మీద చేయి పెట్టుకుంది. "బర్రె కింద బండ సూసి ఫీజు ఏసిన్రా? గా సారోళ్ళు ఎన్నడన్న తాండూరుకొచ్చిన్రా? ఈడ కోళ్ళగూడు గూడ బండదే. మోరీ మీద బండ, సచ్చినోళ్ళ బొంద మీద బండ. మరి బొందలున్నోడు గూడ షావుకారేనా?"

తెలియనివారి కోసం చెప్పాలి: మా ఊళ్ళో రాయి సంపద కాదు, చెత్త. యూనిట్లలో కోసేటప్పుడు విరిగినవి, మూలలు పోయినవి, జీర పడినవి కుప్పలుగా పోస్తారు. మోసుకుపోయే ఓపిక ఉన్నవాడికి ఊరికే ఇస్తారు. మా ఇల్లు పధ్నాలుగేళ్ళలో బాపు సైకిల్ మీద ఒక్కొక్కటిగా తెచ్చిన విరిగిన బండలతో కట్టింది. దగ్గరగా చూస్తే ఏ రెండు బండల రంగూ కలవదు. కాని కొబ్బరినూనె అన్ని తేడాలనూ మాఫీ చేసింది. మాకు రావలసిన మాఫీ తప్ప.

నేను సాక్ష్యం తీసుకువెళ్ళాలని నిర్ణయించాను. మాటలు నమ్మరు, ఫోటోలు నమ్మి పొరబడ్డారు, ఇక వస్తువే చూపాలి. మా గడప పక్కనున్న రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఇరవై మిల్లీమీటర్ల మందం గల బండను ఊడదీశాను. సాంద్రతను బట్టి బరువు పది కిలోల యాభై గ్రాములని లెక్కకట్టి, కిరాణా కొట్టు తూకం మీద పెట్టిస్తే పది కిలోల నూట ఇరవై వచ్చింది. (డెబ్భై గ్రాములు వెనుక అంటిన సున్నం.) దాన్ని పాత దుప్పట్లో చుట్టి, బాపు ఒళ్ళో పెట్టుకొని కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆయన సహజంగానే మాటకారి కాడు. ఆ రోజు పని మానుకున్న దిగులు కూడా కలిసింది. అమ్మ బర్రెను విడిచి రాలేనంది. అత్తను ఎవరూ పిలవలేదు. ఆమె వచ్చి మధ్య సీట్లో కూర్చుంది.

వికారాబాద్‌లో బండి ఆగినప్పుడు కూరగాయల గంపతో ఒక పెద్దావిడ ఎక్కి, మా ఎదురుగా కూర్చుంది. దుప్పటి జారి బండ అంచు బయటపడింది. ఆమె ఒకసారి బండను, ఒకసారి బాపు ముఖాన్ని చూసి, గొంతు తగ్గించి అడిగింది:

"ఎవరు పోయిన్రు బిడ్డా?"

"ఎవ్వరు పోలేదమ్మా," అన్నాను.

"మరి బండ మీద పేరు చెక్కియ్యనీకి పోతున్నరు గద?"

"పేరు కాదు పెద్దమ్మా, సీటు. గీ పిల్ల సీటు పోయేతట్టున్నది," అంది అత్త. ఆవిడకు ఏమి అర్థమయిందో గాని కొంగుతో కళ్ళు ఒత్తుకుని, గంపలోంచి నాలుగు జామకాయలు తీసి బాపు చేతిలో పెట్టింది. బాపు కాదనలేక, నిజం చెప్పలేక, శివారు వచ్చేదాకా వాటిని బండ మీదే ఉంచుకుని కూర్చున్నాడు. అంతకంటే ఎక్కువగా సమాధిలా కనిపించడం సాధ్యం కాదు.

ఆర్థిక సాయం గదిలో ఇద్దరు ఉన్నారు: నుదుట పెద్ద బొట్టుతో కాగితాలు చూసే మేడం, తలంతా నెరిసిన పెద్దసారు. వారి ముందు గాజుబల్ల. పెద్దసారు మర్యాదస్తుడు, మా ఐదో ఫోటోను బల్ల మీద పెట్టి, నిజంగానే తెలుసుకోవాలన్న కుతూహలంతో అడిగారు: "అన్నీ సరే. పశువుల కొట్టంలో పాలిష్ రాయి ఎందుకమ్మా? అది చెప్పండి."

నేను నోరు తెరిచేలోగా అత్త లేచి నిలబడింది. "ఎందుకంటె ఏందయ్యా సారూ! బర్రె కింద మన్నుంటె ఉచ్చ పోసి బురద జేస్తది, కాళ్ళు పాడైతయ్. మన్ను పోయిస్తమంటె ట్రాక్టరుకు పన్నెండు నూర్లు. బండలు ఊకెనే ఇస్తరు. మా దిక్కు మన్నుకు పైసలు, బండకు లెవ్వు. పైసలున్నోళ్ళ బర్రెలు మన్నుల పంటయి సారూ, లేనోళ్ళయి బండ మీద పంటయి!"

మేడం నవ్వు ఆపుకోవడానికి కాగితాలు సర్దింది. పెద్దసారు కూడా నవ్వారు. "మీరన్నది బాగానే ఉంది. కాని ఫైల్లో నేనేం రాయను? ఫోటోలో అది ఖరీదైన రాయిలాగే ఉంది కదా."

వాదన గెలిచే స్థితిలో ఉంది. అక్కడితో ఆగి ఉండవచ్చు. కాని నేను సాక్ష్యం తెచ్చినదాన్ని. దుప్పటి విప్పి, "చూడండి సార్, మూల విరిగింది, జీర పడింది, వెనుక భాగం ఇంకా ఘోరం," అంటూ, ఆ వెనుక భాగం ఇద్దరికీ స్పష్టంగా కనిపించాలని, బండను గాజుబల్ల మీద నిలువుగా, విరిగిన మూల మీద నిలబెట్టాను.

బండ బరువు గ్రాములతో సహా తెలుసు. గాజు మందం ఎనిమిది మిల్లీమీటర్లని కూర్చోగానే గమనించాను. ఆ బరువంతా ఒక్క మొన మీద పడితే ఏమవుతుందన్నది మాత్రం నేను ఇంకా చేరని కోర్సులో రెండో సెమిస్టరు పాఠం. టక్ మని ఒక చిన్న శబ్దం. బల్లకు ఈ మూల నుంచి ఆ మూల దాకా మా ఊరి కాగ్నా నది పటం గీసినట్టు ఒక పగులు, దానికి రెండు ఉపనదులు.

అప్పుడు బాపు లేచాడు. చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని ఐదు వందల నోట్లు పైకి లాగాడు. అత్త ఆయన మోచేయి గిల్లి, "లోపల వెట్టు తమ్మీ! పైసలున్నయని తెలుస్తది!" అని గుసగుసలాడింది. (కోత మిషన్ల పక్కన బతికినవాళ్ళ గుసగుస అది, నడవలో నడుస్తున్న ఇద్దరు విద్యార్థులు ఆగి చూశారు.)

బాపు వినలేదు. "అద్దం ఎంతయితది మేడం?"

మేడం తడబడుతూ, మూడు వేల రెండు వందలు ఉండవచ్చంది. బాపు వేలు తడిచేసుకుని లెక్కపెట్టసాగాడు. నా కళ్ళ ముందు ఆ పొట్టికాలు కుర్చీ మెదిలింది. పెద్దసారు ఆయన్నే చూస్తూ, మెల్లగా, కాని సూటిగా అడిగారు: "ఫీజు కట్టలేమని రాసిచ్చారు. ఇప్పుడు డబ్బు తీస్తున్నారు. ఏమిటండీ ఇది?"

బాపు లెక్క ఆపలేదు. ఏడో నోటు బల్ల మీద పెట్టాక తలెత్తాడు. "ఫీజుకు లెవ్వు సార్. అద్దానికున్నయి," అన్నాడు.

పెద్దసారు ఆ ఏడు నోట్లనూ మేడం వైపు జరిపారు. తరువాత మేడంతో రసీదు రాయించి, మిగిలిన మూడు వందలు తిరిగి ఇప్పించి, "వెళ్ళి రండి, మెయిల్ వస్తుంది," అన్నారు. బండను తిరిగి తీసుకుపొమ్మని వారు అనలేదు. అడిగే ధైర్యం మాకు లేదు.

తిరుగు ప్రయాణంలో అత్త వికారాబాద్ దాకా బాపును తిట్టింది. "గెలిచిన కేసు! నా చేతుల గెలిచిన కేసు! జేబు ఇప్పి ఓడగొడితివి గదరా! గంత షావుకారువైతె ఫీజే గట్టకపోతివి?" రైలు చప్పుడును మించి అరవడంతో ఆమె గొంతు పోయింది. బాపు జామకాయ కొరుకుతూ కిటికీలోంచి చూస్తుండిపోయాడు. జామకాయ అయిపోయాక నా వైపు తిరిగి, "అద్దం మనమే పలగ్గొట్టినం గద బిడ్డా," అని మాత్రం అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండూ పదికి మెయిల్ వచ్చింది: పునఃపరిశీలన అనంతరం డెబ్భై ఐదు శాతం మాఫీ. కారణం అన్నచోట ఏమీ రాయలేదు. అది తన వాదన వల్లనే వచ్చిందని అత్త ఈనాటికీ వీధంతా చెబుతుంది. బాపు ఆ ప్రసక్తి ఎన్నడూ తేలేదు. నేను ఇప్పుడు భవనాలు ఎంత బరువు మోయగలవో లెక్కగట్టే ఉద్యోగంలో ఉన్నాను. పని మధ్యలో అప్పుడప్పుడు ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల గుర్తుకు వస్తుంది. దుప్పట్లో బండ కట్టుకుని, లోకాన్ని తూకంతో ఒప్పించడానికి బయలుదేరిన పిల్ల. ఆమెకు ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది: బండను పడుకోబెట్టు తల్లీ. అయితే పడుకోబెట్టి ఉంటే బాపు జేబులో చేయి పెట్టేవాడు కాదు. అందుకని చెప్పకుండా నవ్వుకుని, నా లెక్క నేను చూసుకుంటాను.

నాలుగేళ్ళ ఫీజు పదకొండు లక్షల ఇరవై వేలు. మాఫీ ఎనిమిది లక్షల నలభై వేలు. మేము కట్టింది రెండు లక్షల ఎనభై వేలు. రైలు పాసులు, నలభై ఒక్క నెలలకు, పదకొండు వేల డెబ్భై. గాజు మూడు వేల రెండు వందలు. కొబ్బరినూనె అర లీటరు. నష్టాలు: బండ ఒకటి, బాపు కూలి ఒక రోజుది, అత్త గొంతు, రెండు రోజులు.