నేను లేని నా పుస్తకావిష్కరణ

మొన్న ఆదివారం నా పుస్తకావిష్కరణ బ్రహ్మాండంగా జరిగిందట. "జరిగిందట ఏమిటి, నీ పుస్తకమే కదా?" అని అలా మొహమొహాలు చూసుకోకండి. అదే చెప్పబోతున్నాను. ముందా టీ తాగండి, చల్లారిపోతోంది.

మీకు తెలుసుగా, మా ఆయన ఇక్కడ భిలాయి స్టీల్ ప్లాంటులో ఇంజనీరుగా రిటైరయ్యాక ఓ కంపెనీవాళ్లు పిలిస్తే నాలుగేళ్లు జర్మనీలో ఉండొచ్చాం. ఆయనకి ఆఫీసు. నాకేముంది? అక్కడ పడ్డ పాట్లన్నీ వారం వారం ఓ పత్రికకి రాసి పడేసేదాన్ని. ఆదివారం పూట గోడకి మేకు కొడితే పక్కింటాయన వచ్చి ప్రశాంతత గురించి క్లాసు పీకడం, అరటితొక్క ఏ రంగు డబ్బాలో వెయ్యాలో తెలీక చేత్తో పట్టుకుని మెట్ల మీద నిలబడిపోవడం, ఇలాంటివి. ఒకసారి లోకల్ ట్రైన్ ఆగితే తలుపు దానంతటదే తెరుచుకుంటుందని మర్యాదగా నిలబడ్డాను. బటన్ నొక్కాలిట! తరవాతి ఊళ్లో దిగాను.

ఇలా అడుగడుగునా అభాసుపాలైనందుకు నన్ను "ప్రముఖ ప్రవాస రచయిత్రి" అన్నారు. పుస్తకం వేసేశాను. పైగా చివర్లో, కొత్తగా విదేశాలకెళ్లేవాళ్లకి నా ప్రయాణ సలహాలు! ఎంత ధైర్యమో చూడండి.

సభ సాయంత్రం ఆరింటికి, సెక్టర్ 4లో మన తెలుగువాళ్ల హాల్లో. పొద్దున్నే నేను అద్దం ముందు స్పీచ్ ప్రాక్టీస్ చేసుకుంటుంటే ఫోన్. మా ఆయన మేనత్త, విజయనగరం రాజేశ్వరత్తయ్య.

"ఏటే లలితా, మీ ఊరు మీంచే ఎల్తన్నాను. ఢిల్లీ, మా పిల్ల దగ్గరికి. మీకు కుదరాపోతే స్టేషన్‌కి రావద్దులే. నాకా రైల్లో తిండి పడదు, అంతే."

ఈ "రావద్దులే"కి అర్థమేమిటో భిలాయిలో కాపరం చేసే ప్రతి తెలుగు కోడలికీ తెలుసు. మన చుట్టం రైలు పక్కనున్న దుర్గ్ మీదుగా పోతోందంటే క్యారేజీ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద హాజరు వెయ్యాల్సిందే. వెయ్యకపోతే విజయనగరం నుంచి శ్రీకాకుళం దాకా ప్రతి పెళ్లిలోనూ మన సంగతి వడ్డిస్తారు. సరే, రైలు నాలుగింటికి, సభ ఆరింటికి. బోలెడు టైముంది కదా అనుకున్నాను. నాలుగు దేశాలు తిరిగిన మొహం మరి!

పులిహోర, వంకాయకూర, పెరుగన్నం సర్దాను. దుర్గ్ నుంచి అటునించటే హాలుకి పోదామని ముందే పట్టుచీర కట్టి, మల్లెపూలు పెట్టి, బీరువాలో ఉన్నవన్నీ మెళ్లో వేసుకున్నాను. స్టేషన్ బయట పార్కింగ్ దొరకలేదు. మా ఆయన కారు స్టార్టింగ్‌లోనే ఉంచి, "రెండే నిమిషాలు. ఇచ్చేసి వచ్చెయ్. కబుర్లు పెట్టుకోకు" అన్నారు. రెండు చేతుల్లోనూ సామానుంది కదా అని హ్యాండ్‌బ్యాగూ, అందులోని ఫోనూ సీట్లోనే వదిలేశాను.

రైలొచ్చింది. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, తలుపు దాకా రాలేదు. నేనే ఎక్కాను. నన్ను పైనించి కిందకి చూసి, "నాకోసం ఇంత ముస్తాబేటే!" అని మురిసిపోయింది. పుస్తకం సంగతి చెప్దామనుకున్నాను కానీ, ఆవిడ అంత సంతోషంగా ఉంటే ఎందుకులే అని ఊరుకున్నాను.

అన్నీ ఆవిడ డబ్బాల్లోకి సర్దేశాను. క్యారేజీ మూత పెట్టి, "వస్తానత్తయ్యా" అన్నాను. అంతే, కంగారుగా నా చెయ్యి పట్టేసుకుంది.

"అయ్యయ్యో, ఖాళీ గిన్నె ఇచ్చీమంటావేటి? ముత్తైదువువి! ఉండు, సున్నుండలున్నాయి."

"ఈసారికి వద్దత్తయ్యా, రైలు కదిలిపోతుంది!"

"ఏటీ కదలదు. ఆ నల్లబ్యాగు లాగు. అది కాదే, దానెనకాలది. దానికింద స్టీలు డబ్బా."

ఏం చెయ్యను? పట్టుచీర బొడ్లో దోపి, బెర్తు కిందకి దూరాను. నల్లబ్యాగు లాగాను. దాని వెనకది లాగాను. డబ్బా మూత బిగుసుకుపోయింది. ఎదురు బెర్తాయన సాయం పట్టాడు. అత్తయ్య తీరిగ్గా ఒక్కో సున్నుండా గిన్నెలో పేరుస్తోంది, "ఇది అబ్బాయికి, ఇది నీకు" అంటూ. తల పైకెత్తి కిటికీలోంచి చూద్దును కదా, దుర్గ్ స్టేషన్ మెల్లగా వెనక్కి వెళ్లిపోతోంది!

తలుపు దగ్గరికి పరిగెత్తాను. టీటీ అడ్డం నిలబడ్డాడు. "మేడమ్, కూదనా మత్!" నేను దూకే వయసులోనూ లేను, దూకే చీరలోనూ లేను. టికెట్ అడిగాడు. ఎందుకన్నానో నాకే తెలీదు, "మై రైటర్ హూఁ" అన్నాను. "తో?" అన్నాడు. అయితే ఏంటట, అని.

"కహాఁ జానా హై?" అన్నాడు మళ్లీ. "సెక్టర్ 4" అన్నాను. పాపం, ఆయనకి నా మీద జాలేసింది. తరవాతి స్టేషన్ రాజనాందగావ్‌లో దిగిపొమ్మన్నాడు.

అత్తయ్య ఫోన్లోంచి మా ఆయనకి చేశాను.

"ఎక్కడున్నావ్? ఇక్కడ పోలీసు విజిలేస్తున్నాడు!"

"రైల్లో ఉన్నానండీ."

"అయితే దిగు."

ముప్ఫై అయిదేళ్లు ఇంజనీరు పని చేసిన మనిషి సలహా! ఏడుపొచ్చింది నాకు. నిజంగా ఏడ్చాను కూడా. ఒక్క పుస్తకం కోసం ఇన్నేళ్లు కలలు కన్నాను, ఆ ఒక్క సాయంత్రం కూడా నాది కాకుండా పోతోందే అని. ముక్కు చీదుకుని, "మీరు హాలుకి పొండి. నేను బస్సులో వచ్చేస్తాను. ట్రాఫిక్‌లో ఇరుక్కుందని చెప్పండి. రైలు మాట మాత్రం ఎత్తారో, చూడండి!" అన్నాను. "నేనెందుకు ఎత్తుతాను?" అన్నారు. నమ్మాను.

రాజనాందగావ్‌లో దిగి, అత్తయ్య చేతిలో పెట్టిన డబ్బులతో బస్సెక్కాను. సీటు లేదు. ఒక చేత్తో రాడ్డు, ఒక చేత్తో సున్నుండల క్యారేజీ. కండక్టరు నా అవతారం చూసి, "షాదీ మే జా రహీ హో, దీదీ?" అన్నాడు. "హాఁ భయ్యా" అని పెళ్లికేనని ఒప్పేసుకున్నాను. రాసిన పుస్తకం, తప్పిపోయిన సభ, ఇదంతా ఎక్కడ చెప్పను? బస్సు ప్రతి ధాబా దగ్గరా ఆగింది. భిలాయి పవర్ హౌస్ స్టాపులో దిగి, ఆటో పట్టుకుని హాలు చేరేసరికి పూలు వాడిపోయాయి, ఆవిష్కరణ అయిపోయింది.

లోపల్నించి నవ్వులు. అలాంటిలాంటి నవ్వులు కాదు, పడిపడి నవ్వుతున్నారు. వెనక తలుపులోంచి తొంగిచూశాను. నా శాలువా కప్పుకుని, నా మైకు ముందు, మా ఆయన! "రచయిత్రి స్పందన" నడుస్తోంది.

"అక్కడేమో తలుపు తెరుచుకోక రైలు దిగలేకపోయింది. మన దుర్గ్‌లో తలుపు తెరిచే ఉంది. అయినా దిగలేకపోయింది!"

హాలంతా చప్పట్లు. సున్నుండలు, బెర్తు కింద దూరడం, "అయితే దిగు" అన్నది, ఏదీ వదల్లేదు. ఫోన్లో అత్తయ్యని అడిగి మరీ వివరాలు రాబట్టారట! నా పుస్తకంలో ఒక్క పేజీ చదవని మనిషి. నేను నాలుగేళ్లు కష్టపడి రాస్తే ఒక్కళ్లూ అలా నవ్వలేదు. కోపమొచ్చిందా అంటే వచ్చింది. అసూయ అంతకంటే ఎక్కువొచ్చింది.

తెలుగు చదవడం రాని మన కుర్రకారుతో సహా అందరూ పుస్తకాల మీద పడ్డారు. నా పక్కనున్న సెక్టర్ 10 ఆవిడ, నన్నెరగదు కాబోలు, "ఈయన మాటల్లోనే ఇంత కామెడీ ఉంటే పుస్తకం ఇంకెంత బావుంటుందో!" అంది. పుస్తకం మీద పేరు నాదేనని చెప్దామనుకున్నాను. ఆవిడప్పటికే క్యూలోకి వెళ్లిపోయింది. ఏం క్యూ అనుకున్నారు? సంతకాలకి! రచయిత్రి రాలేదు కాబట్టి శ్రీవారే చేసేస్తున్నారట.

నేనూ టేబుల్ మీంచి ఒక కాపీ తీసుకుని, క్యారేజీ చంకన పెట్టుకుని, లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. పుస్తకం ముందుకి తోశాను.

ఆయన తలెత్తనైనా ఎత్తకుండా మొదటి పేజీ తిప్పి, పెన్ను సర్దుకుని, ఎంతో ఆప్యాయంగా అడిగారు.

"పేరు చెప్పండమ్మా?"