ఇంకాస్త కురిసిన పావురం

పంజాగుట్ట మెట్రో మెట్లెక్కుతుంటే తొలివాన వాసన తగిలింది. కాలిన తారు మీద నీళ్లు పడిన వాసన. వెంటనే నా చెయ్యి సంచిలో ఫోను కోసం వెతికింది. ఈ అలవాటు నాకు జుబేదా ఆపా అంటించింది.

అమీర్‌పేటలో మా నాన్న చీరల దుకాణం పక్కనే ఆపా మ్యాచింగ్ సెంటర్. ఎవరైనా చీర పట్టుకొస్తే సరిపోయే జాకెట్టు గుడ్డ తీసిచ్చేది. గిరాకీ లేనప్పుడు గడపలో నిలబడి, కంటబడిన మబ్బు మీదో పిట్ట మీదో రెండు ముక్కలు అల్లి, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టి, ఎవరో ఒక స్నేహితురాలికి పంపేది. వీధంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులు చదువుతుంటే ఆవిడ ఆ బోర్డుల మీద వాలిన పిట్టల్ని చూసేది. లాభం లేని పని అని నేను నవ్వేదాన్ని. దుకాణంలో పుట్టిన బుద్ధి మరి!

నేనూ నా స్నేహితురాలు లతా ఒకే కంప్యూటర్ కోర్సు చేశాం. ఉద్యోగం నాకొచ్చింది, తనకు రాలేదు. అప్పటి నుంచి లత నా ఫోనెత్తలేదు. మెట్లు దిగిపోతున్న గిరాకీని వెనక్కి పిలిచినట్టు పొడుగాటి ఓదార్పులు పంపాను. జవాబు లేదు. ఎంత పెద్ద బేరగత్తెనైనా స్నేహితురాలి దగ్గర నా సరుకు చెల్లలేదు. ఓ వానరోజు ఆపా గడపలో నిలబడి ఈ సంగతి చెప్పుకున్నాను.

"సలహా అడిగిందా బేటీ?" అంది ఆపా. "వాన చూస్తున్నవ్ గదా. గదే పంపు."

రాసి చూపించాను: నల్లని మబ్బు కరుణించి కురిసిన చల్లని వాన వెలిసి...

"తెల్లమబ్బు కురుస్తదా? నల్లని తీసెయ్. మబ్బు కరుణ నువ్వు చూసినవా?"

"లేదు ఆపా."

"మరి ఏం చూసినవ్?"

"బోర్డు మీద పావురం. తడిసింది."

"గట్ల చెప్పు! జర తగ్గించు."

"ఇంకేం తగ్గించను? నాకేం మిగుల్తది?"

"మిగిలిందే పంపు."

చీర మీద రూపాయి తగ్గించని దాన్ని, ఆవిడ ముందు మాటలన్నీ వదులుకున్నాను.

వాన ఆగింది.
రెక్క విదిల్చిన పావురం
ఇంకాస్త కురిసింది.

సాయంత్రం దుకాణం దీపాలు వెలిగే వేళకు ఎర్రగడ్డ నుంచి లత జవాబు వచ్చింది:

మా గల్లీ నీళ్లల్ల
ఉల్లిపొట్టు పడవలు.
ఎక్కుదువు రా.

ఆపాకు చూపిస్తే, "మంచిగ రాసింది. నీకన్నా మస్తు" అంది. నాకు కోపం రాలేదు. అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేశాను.

ఆపా ఇప్పుడు లేదు. లతకూ నాకూ మధ్య మాత్రం ఈ పడవలు తిరుగుతూనే ఉన్నాయి. ఈరోజు స్టేషన్ రేకు అంచున వేలాడే చినుకు మీద నాలుగు ముక్కలు రాశాను. "జర తగ్గించు" అని వినబడింది. "చల్లని" తీసేశాను. బండి వచ్చేలోగా ఇంకో మాట కూడా పోయింది. మిగిలింది లతకు పంపి, ఎక్కాను.