బడేబీ నోరు

1996 ఎండాకాలం. కాశిబుగ్గ వీధిలో పొడవునా పరిచిన పడుగు దారాలకు గంజి పట్టిస్తూ, నేతపని చేసే సోమక్క తన రొమ్ములో గడ్డ ఉందని పొరుగింటి బడేబీకి గుసగుసగా చెప్పింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది.

బడేబీ ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి, వాడంతా వినేలా అరిచింది.

"సోమక్క రొమ్ముల గడ్డయింది! దవాఖానకు తోల్కపోతాన, పడుగు పని మీరు సూసుకోండ్రి!"

రిక్షాలో దారంతా సోమక్క ఆమెను తిట్టని తిట్టు లేదు.

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ వివరించింది. "గడ్డలు పెరగకుండా ఆపే జన్యువులు మన కణాల్లోనే ఉంటాయి. కొన్నిసార్లు అవి చెడిపోకుండానే మూగబోతాయని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది."

సోమక్క కళ్లు తుడుచుకుంది.

"లోపటోళ్లు నోరు మూసుకున్నా, మా బడేబీ మూసుకోలేదమ్మా. దాని కడుపు సల్లగుండ!"