కాగితం మీద పదహారేళ్లు

వాన వెలిసిన మర్నాడు మునిసిపాలిటీ వాళ్లు ఉప్పల్‌లో మా సందు మోరీల పొడుగునా సున్నం చల్లుకుంటూ పోతారు. తడి మట్టి మీద సున్నం పడగానే ఒక ఘాటు ముక్కుకు తగిలి, గొంతు వెనక ఎక్కడో ఆగుతుంది. ఆ వాసన వచ్చిన రోజు నాకు అన్నం సయించదు. వాళ్లు వదిలి వెళ్లిన తెల్లటి చార వంకరటింకరగా ఉంటుంది. అనసూయ మేడం గీసిన గీతలు ఇలా ఉండేవి కావు.

మేడం నాచారంలో మేము చదివిన ప్రభుత్వ బాలికల బడిలో ఆటల టీచరు. పర్మనెంటు ఉద్యోగం కాదు, ఏటేటా కాంట్రాక్టు పొడిగించాలి. జనగామ వైపు పల్లె నుంచి వచ్చారు. ఒకప్పుడు రాష్ట్రం తరఫున ఫుట్‌బాల్ ఆడారట. చీర కుచ్చిళ్లు పైకి దోపి, కింద మగవాళ్ల బూట్లు వేసుకుని తిరిగేవారు. బీరువాలో ఆ నాటి ఫొటో ఒకటి ఉండేది. పదకొండు మందిలో ఇప్పుడు ఎవరెక్కడున్నారో ఒక్కరి సంగతీ తనకు తెలియదని చెప్పేవారు. అమ్మాయిలకు ఏడాదికి మూడు రోజుల పోటీలుంటాయి, పదో తరగతి అయ్యాక అవి కూడా ఉండవు, ఆట అక్కడితో సరి.

మా నాన్న పనిచేసే ఫ్యాక్టరీ లాకౌట్ అయిన ఏడు నన్ను కాన్వెంటు మాన్పించి ఎనిమిదిలో ఆ బడికి మార్చారు. మాది గుంటూరు వైపు. నేను నోరు తెరిస్తే పిల్లలు నవ్వేవాళ్లు, అందుకని తెరవడం మానేశాను. ఆటల పీరియడ్‌లో సామాన్ల గది వెనక కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. ఒకరోజు మేడం అక్కడికే వచ్చారు.

"ఏం సదువుతున్నవ్? మంచిగున్నదా?"

"బాగుందండి."

వెనక నిలబడ్డ పిల్లలు పకపకా నవ్వారు. "అండి అంట మేడం, అండి."

"అంటే ఏమైతది? మీకు మర్యాద రాదని ఆమె గూడ మానుకోవాల్నా?" అని వాళ్లను అటు తోలి, నా చేతిలో ఒక తాడు కొస పెట్టారు. "ఆడరాకుంటే ఆడకు. ఇది పట్టుకొని గా మూలకు పో. కదలకు. నువ్వు కదిల్తే గీత వంకర పోతది."

అడుగున చిల్లులు పొడిచిన పాలపొడి డబ్బాలో సున్నం నింపి, తాడు వెంబడి దులుపుకుంటూ వచ్చారు. మైదానం అంతా గీయడానికి గంట పట్టింది. నేను కదలకుండా నిలబడటం ఒకరికి పనికొచ్చిందంటే అదే మొదటిసారి. ఆ రోజు నుంచి శనివారం తాడు నాది. డైరీలో ఆ రాత్రి మూడే మాటలు రాసుకున్నాను: "గీత తిన్నగా వచ్చింది."

ఆ నెలలోనే రేణుక వచ్చింది. వాళ్లు ఆలేరు పక్క ఊరి నుంచి పని వెతుక్కుంటూ వచ్చారు. తల్లి మందుల ప్యాకింగ్ కంపెనీలో చేరింది. ఊళ్లో చదువు మధ్యలో ఆగిపోయి, మాకంటే రెండేళ్లు పెద్దదైనా మా తరగతిలోనే కూర్చోవాల్సి వచ్చింది. బొటనవేలు పట్టక ఎడమ బూటు ముందుభాగం బ్లేడుతో కోసుకుని ఆడేది. బంతి దాని కాలి దగ్గరికి వచ్చాక ఇంకెవరికీ దొరికేది కాదు. మొదటి సాయంత్రం మేడం ఈల ఊదడం మరిచిపోయి అలాగే చూస్తూ నిలబడ్డారు.

నా అక్షరాలు బాగుంటాయని రేణుక ప్రవేశ దరఖాస్తు నింపే పని నాకిచ్చారు. పుట్టిన తేదీ గడి దగ్గర ఆగాను.

"పెత్రమాస నాడు పుట్టింది," అంది వాళ్లమ్మ. దసరాకు ముందొచ్చే అమావాస్య అది. "వాడకట్టు ఆడోళ్లంత బతుకమ్మ పేరుస్తుంటే నాకు నొప్పులొచ్చినయి." ఏ సంవత్సరమో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది.

మేడం ఒక్క నిమిషం ఆలోచించారు. "రెండేండ్లు తక్కువ రాయి. పదిహేడు లోపు ఆటలల్ల రెండేండ్లు ఎక్కువ ఆడుతది. ఎవరికేం నష్టం?"

తప్పు కదండీ అని అడగాలనుకున్నాను. అడగలేదు. జూన్ నెలలో ఒక తేదీ వేశాను. బళ్లో చేరిన పిల్లల్లో సగం మంది జూన్‌లోనే పుట్టి ఉంటారు. కొందరికి సర్కారు ఉద్యోగం కోసం తగ్గిస్తారు, కొందరికి ఆటల కోసం. పెద్దమేడం చూడకుండానే సంతకం పెట్టారు. మొత్తం పని అయిదు నిమిషాల్లో అయిపోయింది.

మేము పదిలో ఉన్న చలికాలం ఇంగ్రిడ్ వచ్చింది. స్వీడన్ ఆవిడ. భర్త నాచారంలో ఒక కంపెనీలో యంత్రాలు బిగించడానికి నాలుగు నెలల కోసం వస్తే వెంట వచ్చింది. పొద్దున పరుగెత్తడానికి వచ్చి మా మైదానం గీతలు చూసి ఆగిపోయింది. తమ దేశంలో ఆడవాళ్ల ఫుట్‌బాల్ రెండో శ్రేణిలో ఒక క్లబ్బుకు ఆడేదట. ఆ శ్రేణిలో ఉత్తరానికొక గుంపు, దక్షిణానికొక గుంపు ఉంటాయని మట్టిలో పుల్లతో గీసి చూపించింది. గెలిస్తే పై శ్రేణికి ఎక్కడం, ఓడితే కింది శ్రేణికి దిగడం. కాన్వెంటులో మిగిలిన ఇంగ్లీషుతో నేను మేడంకు తెలుగు చేసి చెప్పేదాన్ని.

"మరి గీ రెండో మెట్టుల ఆడెటోళ్లకు ఆటే నౌకరీయా?" అని అడగమన్నారు మేడం.

కాదట. ఒకావిడ నర్సు, ఒకావిడ బస్సు నడుపుతుంది, ఒకావిడ చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. పని అయ్యాక సాయంత్రం మైదానానికి వస్తారు. గడ్డి ఉంటుంది, లైట్లుంటాయి. ఎవరు గోలు వేశారో మర్నాడు పేరుతో సహా రాస్తారు.

"పెండ్లయినంక?"

"అయ్యాక కూడా ఆడతారటండీ."

 మేడం గీతల డబ్బా మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. "మనకు మొదటి మెట్టొద్దు పిల్లా," అన్నారు చివరికి. "గసొంటి రెండోది సాలు."

వెళ్లిపోయే ముందు ఇంగ్రిడ్ రేణుకకు ఎన్నేళ్లని అడిగింది. వచ్చే అక్టోబరుకు పద్దెనిమిది నిండుతాయని చెప్పాను. నిజమే చెప్పాను. ఆ వేసవికి మా పది అయిపోయినా సాయంత్రాలు ఆ మైదానానికే వెళ్లేవాళ్లం. వాళ్ల పోటీలు మొదలయ్యాక ప్రతి సోమవారం నెట్ సెంటరుకు వెళ్లి, ఆ రెండో శ్రేణి పట్టికను తెల్లకాగితం మీద దింపుకొచ్చేదాన్ని. ఎవరెన్ని గెలిచారు, ఎన్ని ఓడారు, ఎన్ని పాయింట్లు. మేడం దాన్ని ఆటల గది గోడకు అంటించేవారు. ఇంగ్రిడ్ క్లబ్బు కింద నుంచి మూడో చోటనో నాలుగో చోటనో ఉండేది. "మనోళ్లు మల్ల ఓడిన్రా?" అని రేణుక అలిగేది. పలకడం చేతకాని ఆ ఊరి పేరును మేము మా వాడ పేరులాగే తలుచుకునేవాళ్లం.

దసరా దాటాక ఇంగ్రిడ్ నుంచి మెయిలు వచ్చింది. ఫిబ్రవరిలో రేణుక వచ్చి మూడు వారాలు తమతో ఆడాలి, నచ్చితే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా జట్టులో చోటు. ఉండడానికి గది, ఒక సైకిలు, చిన్నపిల్లల బడిలో సగంపూట పని. టిక్కెట్టు వాళ్లే పంపుతారు. పుట్టిన తేదీ ఉన్న కాగితం పంపమని అడిగింది. పదో తరగతి సర్టిఫికెట్ స్కాన్ చేసి పంపేశాం. మా ముగ్గురిలో ఒక్కరికి కూడా తట్టలేదు. మూడేళ్లుగా ప్రతి పోటీకీ ఆ తేదీనే రాసి రాసి, రేణుక నిజంగానే జూన్‌లో పుట్టిందని నమ్మే స్థితికి వచ్చాం. వాళ్లమ్మ రోడ్డు పక్కన స్వెటర్లమ్మే వాళ్ల దగ్గర ఎర్ర స్వెటరు కూడా కొంది. దాన్ని మిట్టమధ్యాహ్నం వేసుకుని రేణుక మైదానమంతా తిరిగింది. "మెల్లగనే, ఈడనే ఉడికిపోతవ్," అని మేడం నవ్వారు. ఊరికే నవ్వే మనిషి కాదు ఆవిడ. అంత నవ్వు మళ్లీ చూడలేదు.

నాలుగో రోజు జవాబొచ్చింది. "మీరు పద్దెనిమిది అన్నారు. కాగితం పదహారు అంటోంది. పద్దెనిమిది నిండని వాళ్లను వేరే దేశం నుంచి తీసుకోవడానికి నియమాలు ఒప్పుకోవు. కాగితం తప్పయితే జనవరిలోగా సరైనది పంపండి. చోటు అప్పటిదాకా ఉంచుతాం."

రెండోసారి చదవమన్నారు మేడం. చదివాను. "నేనే కోసిన," అన్నారు. ఏం కోశారో చెప్పలేదు.

తేదీ దిద్దించడానికి విద్యాశాఖ ఆఫీసు చుట్టూ నెలన్నర తిరిగారు. బడిలో తప్పు వయసు రాయించింది తానేనని ఒప్పుకుంటూ అర్జీ పెట్టాలని తేలింది. ఆ అర్జీ కూడా నా చేతనే రాయించారు. సగంలో ఆగి, "నా పేరు కూడా రాయనాండీ? రాసింది నేను కదా," అన్నాను.

"చెయ్యి నీది, మాట నాది. నీకు సదువున్నది. ఊకో."

అర్జీ ఇచ్చిన రోజు నేను వెంట వెళ్లాను. అధికారి చదివి, కళ్లజోడు తీసి మేడంను చూశాడు.

"మీ నౌకరీ పోతది. ఎర్కేనా?"

"ఎర్కే సార్."

"దవాఖాన చీటీ ఉన్నదా?"

"ఇంట్ల పుట్టింది సార్. తల్లున్నది, చెప్తది."

"తల్లి మాట, మీ మాట ఒక్కటే. మీ ఇద్దరికీ కావాల్సిందే గది. తప్పు రాసేటప్పుడు పక్కన ఇంకెవరన్న ఉన్నరా? ఉంటే వచ్చి చెప్పమనున్రి, సూద్దాం."

 మేడం నావైపు చూడలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. నేను బ్యాగు పట్టీ పట్టుకుని గోడ పక్కన ఉన్నాను.  ఊకో అన్నారు కదా అనుకున్నాను. కదలకుండా నిలబడటం నాకు బాగా వచ్చిన పని.

"ఎవల్లేరు సార్," అన్నారు మేడం, కొంత సేపయ్యాక.

అర్జీ తిరిగొచ్చింది. అబద్ధం రాసిన రోజు ఎవరూ సాక్ష్యం అడగలేదు. పదహారేళ్ల పిల్ల మాటకు ఆయన విలువ ఇచ్చేవాడో కాదో నాకిప్పటికీ తెలియదు. తెలుసుకునే వీలుండిన రోజు ఒక్కటే, అది అయిపోయింది.

తేదీ మారలేదు గానీ ఒప్పుకోలు మాత్రం పని చేసింది. మేడం కాంట్రాక్టు పొడిగించలేదు. వయసు తప్పని తేలిందని మా జట్టు గెలిచిన కప్పులు పట్టుకుపోయారు, ఆడిన అందరి సర్టిఫికెట్లూ రద్దు చేశారు. వాటి మీద కాలేజీ సీటు ఆశ పెట్టుకున్న పిల్లలు మేడం ఇంటి ముందుకొచ్చి అరిచారు. "రేణుక కోసం మమ్ములను ముంచినవ్," అని ఒకత్తి గట్టిగా ఏడ్చింది. మేడం గడపలో నిలబడి అంతా విన్నారు. రెండేళ్లు ఆగితే కాగితానికి కూడా పద్దెనిమిది నిండేవి. కానీ ఆ వేసవిలోనే రేణుకకు పెళ్లి చేశారు. ఆ చోటు వేరే ఎవరికో వెళ్లింది.

డిగ్రీలో ఉండగా చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర మేడంను చూశాను. లోపలికి వెళ్లే ఆడకూలీల సంచులు వెతికే పని. యూనిఫాం మీద ఎర్ర స్వెటరు వేసుకున్నారు. నేను దానివైపే చూస్తుంటే, "రేణుకదే. నాకేం పని అని ఇచ్చింది," అన్నారు. తర్వాత, "మనోళ్లు ఎక్కడున్నరు ఇప్పుడు?" అని అడిగారు.

సోమవారాలు నేను మానలేదు. ఇంగ్రిడ్ క్లబ్బు ఆ ఏడు రెండో శ్రేణి నుంచి మూడోదానికి దిగిపోయింది. చెప్పాను.

"నయం," అన్నారు మేడం. "ఆళ్లకు పడనీకి గూడ కింద ఇంకో మెట్టున్నది." షిఫ్టు సైరను మోగింది. ఆవిడ ఇంకో సంచి అందుకున్నారు.

ప్రత్యేక రాష్ట్రం రావడానికి కొన్ని నెలల ముందు మేడం కామెర్లతో పోయారు. నాకు మూడు వారాల తర్వాత తెలిసింది.

ఇప్పుడు నేను ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో పనిచేస్తున్నాను. మొన్న జూన్‌లో అడ్మిషన్ల వరసలో, కిటికీకి అవతల, "ఏం అండీ, మంచిగున్నవా?" అన్న మాట వినబడింది. రేణుక. చంకలో నాలుగేళ్ల కూతురు. తల్లి చేసిన ప్యాకింగ్ పనిలోనే ఉంది. ప్లాస్టిక్ కవరులోంచి ఆసుపత్రి వాళ్లిచ్చిన పుట్టిన కాగితం తీసింది, లామినేషన్ చేయించి ఉంది.

"ఉన్నదున్నట్టు రాయి," అంది.

రాశాను. కలం ఆగింది. ఆరేళ్లుగా డైరీలో తప్ప ఎక్కడా అనని మాట అన్నాను. "ఆ రోజు ఆఫీసులో సాక్షి ఎవరైనా ఉన్నారా అని అడిగారు రేణుకా. నేను అక్కడే ఉన్నాను. మాట్లాడలేదు."

"ఎర్కే. మేడం చెప్పింది."

"ఏమన్నారు?"

రేణుక కూతుర్ని ఇంకో చంకకు మార్చుకుంది. "నిన్నేం అనలే. నన్ను సూస్తె పిల్ల భయపడ్తదని కిటికీ దిక్కు తిరిగిన, అన్నది. మాట్లాడుతదేమో అని జరసేపు సూసిన, అన్నది. గంతే."

వెనక వరసలో ఎవరో తొందర పెట్టారు. రేణుక రసీదు తీసుకుని వెళ్లిపోయింది.

మా దరఖాస్తు అడుగున, తల్లిదండ్రుల సంతకం కింద, "సాక్షి" అని ఒక గడి ఉంటుంది. ఎవరూ నింపరు, ఎవరూ అడగరు. ఆ పాప కాగితం మీద ఆ గడిలో నా సంతకం పెట్టాను. అప్పటి నుంచి నా చేతికొచ్చిన ప్రతి దరఖాస్తు మీదా పెడుతున్నాను. "ఎందుకమ్మా సిరా దండగ," అంటారు మా హెడ్ క్లర్కు. నిజమే, ఎవరికీ అక్కర్లేని సాక్ష్యం. అడిగిన రోజు ఇవ్వలేకపోయాను.